కుక్కపిల్ల అందరిదీ... దాని జ్వరం ఎవరిది?

ఈమధ్య మన ఊళ్ళలో ఒక కొత్త ముచ్చట బయలుదేరింది. ఒకప్పుడు జాతి కుక్క అంటే విశాఖపట్నంలో పెద్ద ఆఫీసర్ల బంగళాల్లోనో, ఉక్కునగరం క్వార్టర్స్‌లోనో కనిపించేది. ఇప్పుడలా కాదు. మా ఎలమంచిలిలాంటి చిన్న ఊళ్ళో కూడా సాయంత్రం వీధిలోకి వస్తే చాలు, ఒక ఇంటి గేటు దగ్గర లాబ్రడార్, ఇంకో ఇంటి అరుగు మీద పామరేనియన్, మేడ మీద ముడతల మొహం పగ్. పుట్టినరోజు కానుకగా కుక్కపిల్ల, పరీక్ష పాసైతే కుక్కపిల్ల, కొత్తిల్లు కడితే కాపలాకి కుక్కపిల్ల!

ముచ్చటే. కాదనను. ఇంటికొచ్చిన నాలుగు కాళ్ళ పిల్ల ఎంత సందడి చేస్తుందో పెంచినవాళ్ళకి తెలుసు. కానీ అక్కలూ, చెల్లెళ్ళూ, ఒక్క ప్రశ్న. ఆ కుక్కపిల్లను కొనాలని అనుకున్నది ఎవరు? డబ్బు ఇచ్చింది ఎవరు? పేరు పెట్టింది ఎవరు? ఈ మూడింటికీ జవాబు శ్రీవారో, అబ్బాయో, అమ్మాయో అవుతారు. మరి తెల్లారి లేచి అది చేసిన తడి తుడిచేది ఎవరు? మధ్యాహ్నం దానికి అన్నం కలిపేది ఎవరు? 'ఇవాళ ఇది సరిగ్గా తినలేదేం?' అని ముందుగా కనిపెట్టేది ఎవరు? జవాబు చెప్పక్కర్లేదు.

అందుకే ఈ మాట మగవాళ్ళ పేజీలో కాకుండా మన పేజీలో రాస్తున్నాను. కుక్క ఆరోగ్యం అనేది ఇంటి ఇల్లాలి నెత్తిన చడీచప్పుడు లేకుండా వచ్చి పడిన పని. పని మనదైనప్పుడు ఆ పని గురించిన తెలివిడీ, దానికి అయ్యే డబ్బూ, కుక్కను తేవాలా వద్దా అనే మాటా కూడా మనవే కావాలి. ఏమంటారు?

మొరగని కుక్క కావాలట!

విశాఖలో అపార్ట్‌మెంట్లు ఎక్కువయ్యాక పిల్లలు కొత్త కోరిక కోరుతున్నారు. "అమ్మా, మొరగని కుక్క ఉందట. బసెంజీ అట. పక్క ఫ్లాట్ వాళ్ళు గొడవ చెయ్యరు, తెచ్చుకుందాం" అని. సెల్‌ఫోన్లో బొమ్మ చూపిస్తారు. నిక్కబొడుచుకున్న చెవులు, నుదుటి మీద ముడతలు, గుండ్రంగా చుట్టుకున్న తోక. చూడటానికి మన వీధి కుక్కకి దగ్గర చుట్టంలా ఉంటుంది.

ఆ కుక్క కథ తెలుసుకోవాలి. దానిలో మనకు పనికొచ్చే పాఠాలు రెండున్నాయి.

బసెంజీది ఆఫ్రికాలోని కాంగో అడవుల ప్రాంతం. అక్కడివాళ్ళు వేటకి పెంచుకునేవారు. ఇది మామూలు కుక్కలా మొరగదు గానీ పూర్తిగా మూగదీ కాదు. గొంతెత్తి ఒకరకంగా రాగం తీస్తుంది. పిల్లిలా ఒళ్ళంతా నాకి శుభ్రం చేసుకుంటుంది. మిగతా కుక్కలు ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తే ఇది ఒక్కసారే వస్తుంది. ఇంగ్లీషు వాళ్ళకి దీన్ని చూడగానే మోజు పుట్టింది. 1895లో ఒక జతను ఇంగ్లండు తీసుకెళ్ళి ప్రదర్శనలో పెట్టారు. ఆ రెండూ కొద్దిరోజులకే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బుతో చచ్చిపోయాయి. 1923లో ఒక ఇంగ్లీషు దొరసాని సూడాన్ నుంచి ఆరు కుక్కలు తెచ్చుకుంది. అవీ దక్కలేదు. ఆ రోజుల్లో డిస్టెంపర్ టీకా ఇంకా సరిగ్గా కుదరలేదు. రక్షించాల్సిన టీకాయే వాటి ప్రాణం తీసింది. చివరికి 1930ల రెండో సగంలో గానీ ఆ జాతి ఇంగ్లండులో నిలదొక్కుకోలేదు.

అడవిలో ఎండకీ వానకీ తట్టుకుని బతికిన కుక్క, బంగళాలోకి రాగానే ఎందుకు పోయింది? ఆ జబ్బు దాని ఒంటికి కొత్త. ఇది మొదటి పాఠం. ఎంత గట్టి కుక్కయినా, ఎంత ఖరీదైన కుక్కయినా, టీకా పడకపోతే వైరస్‌కి లోకువే. ఆనాటి వాళ్ళకి మంచి టీకా లేదు. ఈనాడు మనకుంది. ఉండి కూడా వేయించకపోతే ఆ తప్పు ఎవరి ఖాతాలో రాయాలి?

చక్కెర జబ్బు కాని చక్కెర జబ్బు

రెండో పాఠం ఇంకా చిత్రమైనది. యూరప్, అమెరికాల్లోని బసెంజీలన్నీ మొదట్లో తెచ్చిన కొద్ది కుక్కల సంతానమే. మేనరికం మీద మేనరికం అన్నమాట. మన ఇళ్ళలో దగ్గర సంబంధాలు తరతరాలుగా చేసుకుంటే కొన్ని జబ్బులు ఎలా బయటపడతాయో, వీటిలోనూ అలాగే బయటపడ్డాయి. వాటిలో ముఖ్యమైనది ఫాంకోని అనే మూత్రపిండాల జబ్బు.

ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు ఒంటికి కావలసిన చక్కెరనీ, మాంసకృత్తుల ముక్కల్నీ, లవణాల్నీ మూత్రంలోకి పోనివ్వకుండా వెనక్కి పీల్చుకుంటాయి. ఫాంకోని వచ్చిన కుక్కలో ఆ పని జరగదు. చిల్లుబడ్డ జల్లెడలా అన్నీ కారిపోతాయి. సాధారణంగా నాలుగు నుంచి ఏడేళ్ళ వయసులో బయటపడుతుంది. కుక్క గిన్నెలకొద్దీ నీళ్ళు తాగుతుంది, పదేపదే మూత్రం పోస్తుంది, తింటూనే చిక్కిపోతుంది. మూత్రం పరీక్ష చేస్తే చక్కెర కనిపిస్తుంది. వెంటనే 'షుగర్ వ్యాధి' అనుకుంటారు. కానీ రక్తం పరీక్ష చేస్తే చక్కెర మామూలుగానే ఉంటుంది! ఆ తేడా చూడకుండా ఇన్సులిన్ పొడిచారంటే కుక్క ప్రాణానికే ముప్పు. సరిగ్గా కనిపెడితే మాత్రం, ఒంట్లో పోతున్న క్షారాన్నీ లవణాల్నీ మందుల రూపంలో తిరిగి అందిస్తూ ఏళ్ళ తరబడి బతికించవచ్చు.

దీనికి కావలసిన మొదటి పరీక్ష ఏమిటో తెలుసా? మన ఇళ్ళలో షుగర్ ఉన్న మామగారికో, అమ్మకో వాడే మూత్రం పట్టీ! మందుల షాపులో దొరుకుతుంది. బసెంజీ పెంచేవాళ్ళు మూడేళ్ళ వయసు నుంచీ నెలకొకసారి ఈ పట్టీతో చూసుకోవడం అలవాటు చేసుకున్నారు. 2007లో అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ జబ్బు జాడను జన్యువుల్లో పట్టే పరీక్ష తెచ్చారు. 2011లో మరింత కచ్చితమైన పరీక్ష వచ్చింది. జత కట్టించే ముందే ఏ కుక్కలో ఈ దోషం దాగుందో తెలుసుకునే వీలు కలిగింది. అంతకుముందే, 1987, 1988లలో అక్కడి పెంపకందార్లు కొందరు మళ్ళీ కాంగో ప్రాంతానికి వెళ్ళి కొత్త కుక్కలు తెచ్చారు. 1990లో వాటిని అధికారికంగా జాతి పుస్తకంలో చేర్చుకున్నారు. కొత్త నెత్తురు కోసం పాత పల్లెలకే పోవలసి వచ్చింది చూడండి.

ఇక్కడే మనం ఆలోచించాలి. అలాంటి కుక్కను లక్షలు పోసి తెప్పించామే అనుకుందాం. దాని తల్లిదండ్రులకి ఆ పరీక్ష చేశారా అని అమ్మేవాడిని అడుగుతామా? అడిగితే కాగితం చూపిస్తాడా? జాతి సర్టిఫికెట్ అంటే వంశవృక్షం. ఆరోగ్యానికి అది హామీ కాదు. పెళ్ళి సంబంధానికి గోత్రం చూసి ఊరుకుంటామా, పిల్లవాడి ఒంట్లో బాగుందో లేదో వాకబు చెయ్యమూ?

పెరటి చెట్టు మందుకి పనికిరాదా?

మొరగని కుక్క కోసం కాంగో దాకా చూస్తున్నాం సరే. మన తెలుగునేల మీద అలాంటి కుక్క ఉందని ఎంతమందికి తెలుసు? దాని పేరు జోనంగి. కృష్ణా, ఉభయ గోదావరి జిల్లాల్లో, ముఖ్యంగా కొల్లేరు చుట్టుపక్కల పల్లెల్లో కనిపించే జాతి. ఒంటిని అంటిపెట్టుకున్నట్టుండే పొట్టి నున్నటి బొచ్చు, నుదుటి మీద ముడతలు. ఇది కూడా మొరగడం తక్కువ, గొంతులో రాగం తీయడం ఎక్కువ. నేలలో గొయ్యి తవ్వుకుని చల్లగా పడుకునే అలవాటుంది. వేటకీ, బాతుల మందల్ని తోలడానికీ దీన్ని పెంచేవారు.

కొల్లేరులో చేపల చెరువులు వెలిశాక బాతుల మందలు తగ్గాయి. మందలు తగ్గాక జోనంగికి పని తగ్గింది. పని లేని కుక్కను పల్లెలో ఎవరు మేపుతారు? ఊరకుక్కలతో కలిసిపోయింది. అసలు జోనంగి ఇప్పుడు అరుదైపోయింది. తమిళనాడు వాళ్ళు రాజపాళయం, చిప్పిపారై జాతుల్ని, కర్ణాటక వాళ్ళు ముధోల్ వేటకుక్కనీ కాపాడుకుని పేరు తెచ్చుకున్నారు. 2005లో రాజపాళయానికీ, ముధోల్‌కీ తపాలా బిళ్ళలు కూడా వచ్చాయి. మన జోనంగి పేరు మన పిల్లలకే తెలియదు. 'పెరటి చెట్టు మందుకి పనికిరాదు' అంటే ఇదే కాబోలు!

నాటు కుక్కంటే చిన్నచూపు వద్దని నా మనవి. మన తీరప్రాంతపు ఉక్కపోతలో ఏ కుక్క సుఖంగా ఉంటుందో ఆలోచించండి. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ, ఆ తడి ఆరడం వల్లే ఒళ్ళు చల్లబరుచుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ తడి ఆరదు. మంచుదేశపు హస్కీని, నొక్కుకుపోయిన ముక్కు పగ్‌ని తెచ్చి మే నెలలో మేడ మీద గదిలో కట్టేస్తే దాని బాధ ఎవరికి చెప్పుకుంటుంది? వీధిలో పుట్టిన నాటు కుక్కపిల్ల తరాల తరబడి ఈ ఎండలకి అలవాటు పడ్డ ప్రాణి. దానికీ ఎండదెబ్బ తగలదని కాదు, టీకాలు అక్కర్లేదనీ కాదు. కానీ పుట్టుకతో వచ్చే జబ్బుల బెడద దానికి తక్కువ.

ఇల్లాలు తెలుసుకోవలసిన నాలుగు ముక్కలు

ఏ జాతైనా ఇంటికి వచ్చేసింది. ఇక దాన్ని చూసుకోవడం ఎలా? చంటిపిల్లల్ని పెంచిన చేతులకి ఇదేమంత కష్టం కాదు.

ముందు వయసు. రెండు నెలలు నిండని పిల్లను తల్లి నుంచి వేరుచేసి తేకండి. ఎనిమిది వారాలలోపు పిల్లను అమ్మకూడదని 2017లో వచ్చిన కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. చిన్న పిల్లయితే ముద్దుగా ఉంటుందని తెచ్చేస్తే, తల్లిపాలు తాగని బిడ్డలాగే నీరసపడుతుంది.

తెచ్చిన వారంలోనే పశువుల డాక్టరుగారికి చూపించి, ఒక పుస్తకంలో తేదీలు రాయించుకోండి. పిల్లలకి టీకాల కార్డు ఉంటుంది కదా, అలాగే. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య డిస్టెంపర్, పార్వో వగైరాలకి కలిపి వేసే మొదటి టీకా. తర్వాత మూడు నాలుగు వారాలకొకసారి, పదహారు వారాల వయసు వచ్చేదాకా. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. ఆ తర్వాత డాక్టరుగారు చెప్పిన ప్రకారం ఏటేటా. నులిపురుగుల మందు కూడా మరచిపోకూడదు. కుక్క కడుపులోని పురుగుల గుడ్లు మట్టిలో కలిసి, ఆ మట్టిలో ఆడుకునే మన పిల్లల కడుపులోకి చేరతాయి.

టీకాలు పూర్తికాని పిల్లను వీధిలోకి వదలకండి. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. పిల్ల అన్నం మానేసి, వాంతులు చేసుకుని, నెత్తురుతో నీళ్ళ విరేచనాలు పెట్టుకుందంటే 'రేపు చూద్దాం' అనుకోవద్దు. అదే పూట సెలైన్ ఎక్కించాలి. ఆలస్యమయ్యే కొద్దీ ఆశ తగ్గిపోతుంది.

మన ప్రాంతంలో ఏడాది పొడుగునా వేధించేవి గోమార్లు. పిడుదులని కూడా అంటారు. ఒంటి మీద నాలుగు తీసిపారేస్తే సరిపోదు. కడుపునిండా నెత్తురు తాగిన ఆడ గోమారు గోడ పగుళ్ళలోకి పాకిపోయి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కుక్కకి మందు వేసిన రోజే అది పడుకునే గోనె, గోడ మూలలు, గుమ్మం సందులు శుభ్రం చెయ్యాలి. గోమారు కాటుతో వచ్చే జ్వరం కుక్క నెత్తురును తినేస్తుంది. పిల్లలకి నెత్తురు తక్కువైందేమోనని కంటి రెప్ప కిందకి లాగి చూస్తాం కదా. కుక్కకి పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. తెల్లగా పాలిపోతే, ముక్కు నుంచి నెత్తురు కారితే, మూత్రం కాఫీ రంగులో వస్తే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఒళ్ళు ముట్టుకుని జ్వరం ఉందనీ, ముక్కు తడిగా ఉంది కాబట్టి లేదనీ అనుకోవద్దు. కుక్క ఒళ్ళు మామూలుగానే మనకంటే వేడి. 100.5 నుంచి 102.5 డిగ్రీల దాకా దానికి సహజం. చెయ్యి వేస్తే ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది. ఆ వెచ్చదనం చూసి కంగారుపడి మన ఇంట్లో ఉన్న పారాసెటమాల్ బిళ్ళ అరగదీసి పోసేవాళ్ళున్నారు. వద్దమ్మా! మనుషుల నొప్పి బిళ్ళలు కుక్కకి విషమవుతాయి. పారాసెటమాల్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఐబుప్రొఫెన్ కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాల్ని పాడు చేస్తుంది.

వంటింటి సంగతి మన చేతిలోనే ఉంది. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకి పెట్టకూడదు. ఉల్లిపాయ వేసిన కూర మిగిలితే దానికి కలపకండి. ఉడికిన కోడి ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. 'మేము పెరుగన్నమే పెడతాం' అని గొప్పగా చెప్పుకునే ఇళ్ళున్నాయి. పెరుగన్నం మంచిదే. కానీ రోజూ అదొక్కటే అయితే మాంసకృత్తులు చాలవు. గుడ్డు, ఉడికించిన మాంసం, చేప ముళ్ళు తీసినది ఏదో ఒకటి ఉండాలి. శాకాహారం ఇళ్ళయితే ఏది ఎంత పెట్టాలో డాక్టరుగారినే అడగాలి.

ఎండదెబ్బ తగిలి కుక్క విపరీతంగా రొప్పుతూ, తూలుతూ ఉంటే నీడలోకి తెచ్చి, మామూలు చల్లటి నీళ్ళు ఒంటి మీద పోసి, ఫ్యాన్ కింద ఉంచి, తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మంచుగడ్డలతో ముంచెయ్యవద్దు.

ఇక ఆడకుక్క సంగతి. ఇది మనం తప్ప ఎవరూ పట్టించుకోరు. 'ఆడకుక్క అయితే పిల్లల గొడవ' అని చాలా ఇళ్ళలో మగదాన్నే తెస్తారు. ఈతలో పుట్టిన ఆడపిల్లల్ని గోనెసంచిలో కట్టి ఊరి బయట వదిలేస్తారు. ఆడపిల్ల పుడితే మొహం చిట్లించే బుద్ధి కుక్కల దాకా పాకింది! ఆడకుక్కకి చిన్న వయసులో గర్భసంచి తీసే ఆపరేషన్ చేయిస్తే పిల్లల గొడవా ఉండదు, పెద్దయ్యాక గర్భసంచిలో చీము పట్టే జబ్బూ రాదు, రొమ్ము గడ్డల భయమూ తగ్గుతుంది. ఆపరేషన్ చేయించని కుక్క ఎదకు వచ్చిపోయిన ఒకటి రెండు నెలల్లో నీళ్ళు ఎక్కువ తాగుతూ, తిండి మానేసి, నీరసంగా ఉంటే గర్భసంచి చీము అయి ఉండవచ్చు. కొన్నిసార్లు చీము బయటికి కనిపించదు కూడా. ఆ నీరసాన్ని మనమే కనిపెట్టాలి. మన ఒంట్లో నలతని ఎలా దాచుకుని తిరుగుతామో మనకి తెలుసు కదా!

"మనుషులకే దిక్కులేదు..."

ఇదంతా చదివి కొందరు అనుకుంటారని తెలుసు. "ఏటమ్మా ఈ చోద్యం? మనుషులకే డాక్టరు దొరక్క ఛస్తుంటే కుక్కకి డాక్టరేటి?" అని. న్యాయమైన ప్రశ్నే. ప్రసవానికి పట్నం దాకా పోవలసిన తల్లులున్న చోట కుక్క వైద్యం గురించి మాట్లాడితే అతిగానే అనిపిస్తుంది.

కానీ ఒక్క మాట వినండి. రేబిస్ అనే జబ్బు లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. మనుషులకి ఇది వచ్చేది నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు కుక్కల వల్లే. అనుమానపు కాట్లకి గురయ్యేవాళ్ళలో నూటికి నలభై మంది పదిహేనేళ్ళలోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే కుక్కకి వేసే సూది మన పిల్లవాడికి వేసిన రక్షరేకు. కుక్క వైద్యం, మనిషి వైద్యం వేరువేరు కావు.

కరిచినా, గీరినా ముందు చెయ్యవలసింది పసుపూ కారమూ అద్దడం కాదు. పంపు కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. తర్వాత అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. డాక్టరు రాసిన తేదీలన్నీ పూర్తి చెయ్యాలి. 'మా ఇంటి కుక్కే కదా' అని ఊరుకోకూడదు.

ఏటా జూలై 6న పశువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల దినం జరుపుతారు. 1885లో అదే రోజున పాశ్చర్ మహాశయుడు కుక్క కరిచిన తొమ్మిదేళ్ళ కుర్రాడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించాడు. సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినం. ఈ రోజుల్లో ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకి ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు. వంటింటి కేలండర్‌లో ఈ రెండు తేదీల చుట్టూ సున్నా చుట్టుకోండి.

మనం అడగవలసినవి

మన చిన్న ఊళ్ళలో పశువుల ఆసుపత్రి అంటే ఆవులూ గేదెలూ గొర్రెలూ మేకలే ముందు. అది సబబే, రైతు బతుకు వాటి మీదే ఉంది. కానీ ఊళ్ళో కుక్కలు పెరిగాయి కదా! నెత్తురు పరీక్ష కావాలన్నా, ఎక్స్‌రే కావాలన్నా, ఆపరేషన్ కావాలన్నా జబ్బు కుక్కని ఒళ్ళో పెట్టుకుని విశాఖ దాకా పోవలసి వస్తోంది. బస్సులో ఎక్కనివ్వరు. ఆటో మాట్లాడుకుంటే అరవై కిలోమీటర్ల పైమాట. అంత దూరం పోలేక ఎన్ని ఇళ్ళలో 'దాని రాత అంతే' అని వదిలేస్తున్నారో!

అనకాపల్లి 2022లో జిల్లా అయింది. జిల్లా అంటే బోర్డులు మారడమేనా? ఎలమంచిలి, నర్సీపట్నం, చోడవరంలాంటి ఊళ్ళలో వారానికి రెండు పూటలైనా కుక్కలకీ పిల్లులకీ ప్రత్యేకంగా చూసే సమయం పెట్టమని అడుగుదాం. రేబిస్ టీకా ఒక్క జూలైలోనే కాకుండా ఏడాది పొడుగునా దొరకాలని అడుగుదాం. వీధి కుక్కలకి ఆపరేషన్లూ టీకాలూ చేయించే బాధ్యత పురపాలక సంఘాలదీ పంచాయతీలదీ అని 2023 కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. మన పురపాలక సంఘం ఈ ఏడు ఎన్ని చేయించిందో లెక్క అడుగుదాం. విశాఖలో 1996 నుంచి జంతువుల కోసం పనిచేస్తున్న విశాఖ ఎస్‌పీసీఏలాంటి సంస్థలున్నాయి. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి విద్యార్థుల్ని నెలకొకసారి మన ఊళ్ళకి తీసుకొచ్చి శిబిరం పెట్టిస్తే వాళ్ళకి అనుభవం, మనకి వైద్యం. డ్వాక్రా సంఘాలతో పొదుపు చేసి చూపించిన ఆడవాళ్ళకి ఒక అర్జీ రాసి పదిమంది సంతకాలు పెట్టించడం ఎంత పని?

ఇంట్లో అడగవలసినవీ ఉన్నాయి. కుక్కను తెచ్చే ముందు 'దీని టీకాలకీ తిండికీ డాక్టరుకీ నెలకింత' అని ఒక కాగితం మీద రాయించండి. ఉదయం తిప్పేది ఎవరు, మూత్రం తుడిచేది ఎవరు, ఆసుపత్రికి తీసుకెళ్ళేది ఎవరు అని పేర్లు రాయించండి. అన్ని గళ్ళలోనూ మీ పేరే వస్తే 'వద్దు' అనే హక్కు మీకుంది. పిల్లవాడు నాలుగు రోజులు అలుగుతాడు, తర్వాత మరచిపోతాడు. కుక్క అలా కాదు. అది పన్నెండేళ్ళు, పదిహేనేళ్ళు మన గుమ్మంలో ఉండే ప్రాణం.

సరే, అందరూ పనులు పంచుకున్నారు, తెచ్చుకోవాలనే నిశ్చయించారు. అయితే సెల్‌ఫోన్లో బొమ్మ చూసి ఎక్కడో దూరాన ఉన్న అమ్మకందారుకి డబ్బు పంపే ముందు ఒక్కసారి మీ వీధి చివర ఇసుక గుట్ట మీద చూడండి. నలుగురు అన్నదమ్ముల మధ్య ఒక ఆడపిల్ల, చెవులు నిక్కబొడుచుకుని మీ వంకే చూస్తూ ఉండవచ్చు. రెండు నెలలు నిండాక, దాన్ని ఒక తుండులో చుట్టుకుని ముందు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆ తర్వాతే ఇంటికి తెచ్చి పేరు పెట్టండి. పేరు మాత్రం ఈసారి మీరే పెట్టండి!